పిల్లల దగ్గరికి అమెరికా: ఎన్నాళ్లుండాలి, ఎప్పుడెళ్లాలి, ఎవరింట్లో దిగాలి

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకి వీసా చేతికొచ్చాక వచ్చే మొదటి సందేహం టికెట్ రేటు. రెండోది, "ఆరు నెలలూ ఉండొచ్చా?" అని. ఉండొచ్చు. వీసా పదేళ్లకి ఉన్నా, ఒక్కో విడత ఎన్నాళ్లుండాలో దిగిన చోట ఇమిగ్రేషన్ అధికారి తేలుస్తారు. మామూలుగా ఆరు నెలలిస్తారు. ఆ తేదీ ఐ-94 రికార్డులో ఉంటుంది, ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఇచ్చారు కదా అని ఆరు నెలలకీ టికెట్ కొనేసే ముందు ఒక లెక్క వేసుకోండి.

అమెరికాలో ప్రైవేటు ఉద్యోగికి జీతంతో ఇన్ని రోజుల సెలవు ఇవ్వాలన్న కేంద్ర చట్టమేదీ లేదు. కంపెనీ ఎన్నిస్తే అన్ని. పదిహేను రోజులొస్తే మన పిల్లలు మంచి కంపెనీ అంటారు. ఆ పదిహేనులో మనవడి జ్వరానికి కొన్ని, స్కూలు మూసేసిన రోజులకి కొన్ని, వచ్చే ఏడు ఇండియా రావడానికి కొన్ని పోగా మీ కోసం మిగిలేవి నాలుగో అయిదో. ఇక శని, ఆదివారాలు. శనివారం పొద్దున్న ఇండియన్ స్టోర్, కాస్ట్‌కో. మధ్యాహ్నం ఒకరికి సాకర్, ఇంకొకరికి కూచిపూడి క్లాసు. ఆదివారం వారానికి సరిపడా బట్టలు, వంట, సాయంత్రం ఎవరిదో బర్త్‌డే. మీ మీద ప్రేమ లేక కాదు, అక్కడి వారం అలాగే నడుస్తుంది.

ఆరు నెలలంటే దాదాపు నూట ముప్పై పనిరోజులు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంట్లో మీరిద్దరే. లేదంటే మీరూ, హెడ్‌సెట్ పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుని "మాట్లాడొద్దు" అని చెయ్యూపే కొడుకూను. నయాగరా ముందు ఫొటో దిగేది ఒక్క పూట. మీ అమెరికా అంటే మిగిలిన ఆ నూట ముప్పై రోజులే.

అందుకే నా మటుకు ఎంపికంతా ఒక్క ప్రశ్న దగ్గర తేలిపోతుంది: ఎవరినీ కారు అడక్కుండా మీరు గుమ్మం దాటి ఒక చోటికి వెళ్లి రాగలరా? ఎన్నాళ్లు, ఏ నెలలు, ఎవరింట్లో అన్నవి దీని తర్వాతే.

ఎన్నాళ్లు

మనవాళ్లు ఎంచుకునేవి మూడు రకాలు: రెండు నెలల లోపు, మూడు నెలలు, పూర్తిగా ఆరు నెలలు.

సొంతూళ్లో రోజు నిండుగా గడిచేవాళ్లకి, అంటే పొద్దున్నే నడక నేస్తాలు, గుళ్లో పారాయణం, చూసుకోవాల్సిన పొలమో కొట్టో ఉన్నవాళ్లకి రెండు నెలల లోపు బాగుంటుంది. ఇబ్బందల్లా మొదటి వారం జెట్ లాగ్‌కీ, చివరి వారం సూట్‌కేసులు సర్దడానికీ పోతుంది. "ఇంత డబ్బు పోసి టికెట్ కొన్నాం" అన్న బాధ కూడా లోపల పీకుతూనే ఉంటుంది. దాంతో చూసినవన్నీ పరుగులో చూసినట్టే అవుతాయి.

ఆరు నెలలు మూడు సందర్భాల్లోనే సరిపోతుంది. ఇద్దరు పిల్లలు రెండు ఊళ్లలో ఉండాలి, లేదా పిల్లలు నడిచి తిరగగల ఊళ్లో ఉండాలి, లేదా పురుడు ఉండాలి. పురుడైతే దాన్ని ప్రయాణం అనుకోకపోవడం మంచిది. తెలుగు ఇళ్లలో ఇదో షిఫ్టు పద్ధతి అయిపోయింది కదా: మొదటి ఆరు నెలలు అమ్మాయి తరఫువాళ్లు, తర్వాతి ఆరు నెలలు అబ్బాయి తరఫువాళ్లు. షిఫ్టులో వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే ఒక మాట అనుకోవాలి, వారంలో ఒక రోజు పూర్తిగా మీది అని. అక్కడికెళ్లాక, పసిపిల్ల ఏడుస్తుండగా అడగడం ఎవరి వల్లా కాదు.

నా ఓటు మూడు నెలలకి. దీనికి మందుల డబ్బా కూడా ఒక కారణం. బీపీ, షుగరు, థైరాయిడ్ మందులు సొంత వాడకానికి మామూలుగా తొంభై రోజులకి సరిపడా, డాక్టరు చీటీతో తీసుకెళ్తే ఏ చికాకూ ఉండదు. నాలుగో నెల నుంచి ఎవరో వచ్చేవాళ్ల చేత తెప్పించుకోవడం మొదలవుతుంది. ఇన్సూరెన్స్ కూడా రోజుల లెక్కనే పెరుగుతుంది. ఇంకో కారణం చెప్తే కొందరు నొచ్చుకుంటారేమో. ఎంత ప్రేమగా ఉన్న ఇంట్లోనైనా నాలుగో నెలకి వంటగదిలో గిన్నెల చప్పుడు మారుతుంది. "అత్తయ్యగారూ, మీరు కూర్చోండి, నేను చేస్తాగా" అన్న మాటనే మొదటి నెలలో ఒక గొంతుతో వింటాం, అయిదో నెలలో ఇంకో గొంతుతో. తప్పు ఎవరిదీ కాదు, ఇల్లు చిన్నది, చలి పెద్దది.

ఎప్పుడు

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడి ఎండలు తప్పించుకుందామని ఏప్రిల్, మే నెలల్లో ఎక్కుతారు. మనవలకి జూన్ నుంచి బడి సెలవులు, కాబట్టి వాళ్లతో గడపడమే ముఖ్యమనుకుంటే ఆ కాలమే మంచిది. అక్కడి తెలుగు సంఘాలైన తానా, ఆటాల సభలు కూడా వేసవిలోనే జరుగుతాయి. తానా బేసి సంవత్సరాల్లో, ఆటా సరి సంవత్సరాల్లో. ఎక్కడెక్కడి పాత స్నేహితులో, క్లాస్‌మేట్లో ఒకే హాల్లో కనపడే అవకాశం అది. కానీ టికెట్లు మండిపోయేదీ అప్పుడే, చూడదగ్గ ప్రతి చోటా జనం కిటకిటలాడేదీ అప్పుడే. పైగా మీ అబ్బాయి డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉంటే, ఇక్కడి ఎండ తప్పించుకుని అక్కడి ఎండలో పడ్డట్టే.

తూర్పు తీరానికైతే ఆగస్టు చివర బయల్దేరి నవంబరు మధ్యలో తిరిగొచ్చేయడం అన్నిటికంటే మంచిదని నా ఉద్దేశం. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. అది దాటిందంటే బడులు మొదలై, రోడ్లూ మ్యూజియాలూ ఖాళీ అవుతాయి. అక్టోబరులో ఆకులు రంగు మారతాయి. న్యూయార్క్ రాష్ట్రం పై భాగంలో నెల మొదటి సగంలో, న్యూజెర్సీలో నెలాఖరు వైపు. దసరాకి తెలంగాణ సంఘాలవాళ్లు స్కూలు జిమ్ములోనో పార్కులోనో బతుకమ్మ పెడతారు. తంగేడు దొరకదు, గునుగు దొరకదు. చామంతులూ బంతులూ, స్టోర్లో కొన్న గులాబీలూ పేరుస్తారు. అక్కడే పుట్టిన పిల్లలు పాట మాటలు రాకపోయినా చప్పట్లు తప్పకుండా తిరగడం చూస్తే బాగుంటుంది. అక్టోబరు 31న హాలోవీన్, పిల్లలు వేషాలేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ తిరిగే పండగ. ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని చాక్లెట్లు పంచే పని మీరు అడిగి తీసుకోండి. ఏడాదంతా తలుపు తీయని పక్కింటివాళ్లు ఆ ఒక్క రాత్రి మీతో మాట్లాడతారు.

నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి పెడతారు. ఆ మర్నాటి నుంచి న్యూజెర్సీలో సాయంత్రం అయిదు కాకముందే చీకటి. అప్పటికి తిరుగు టికెట్ దగ్గర పడి ఉంటే మంచిది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకి ఇంకో సంగతి: లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది నవంబరులోనే. మధ్యలో వచ్చేస్తే బ్యాంకుకి మీరే వెళ్లొచ్చు. రాష్ట్ర పింఛనుదారుల గడువులు వేరు, బయల్దేరే ముందు మీ ట్రెజరీలో కనుక్కోండి.

డిసెంబరు నుంచి మార్చి దాకా కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సాస్ తప్ప ఇంకెక్కడికీ వెళ్లమని నేను చెప్పను. "మంచు చూడాలి" అని వెళ్లినవాళ్లకి మూడో రోజుకే చూడ్డం అయిపోతుంది.

ఎవరింట్లో

ఇద్దరు పిల్లలున్నవాళ్లు మామూలుగా "ముందు అబ్బాయి దగ్గర, తర్వాత అమ్మాయి దగ్గర" అనో, "ఎవరికి పెద్ద ఇల్లుంటే వాళ్ల దగ్గర" అనో తేల్చేస్తారు. పెద్ద ఇల్లు అంటే దాదాపు ఎప్పుడూ ఊరికి దూరంగా ఉన్న ఇల్లు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఎడిసన్ వైపు, అబ్బాయి డాలస్ పక్కన ఫ్రిస్కోలో. వియ్యపురాలు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి వెళ్తుంటారు. ఈ మూడిటినీ పక్కపక్కన పెడితే ఇల్లు చూసి ఎంచుకోవడం ఎందుకు పొరపాటో తెలుస్తుంది.

ఎడిసన్ ఇల్లు పాతది, మెట్లు కిర్రుమంటాయి, బాత్రూములు చిన్నవి. కానీ ఓక్ ట్రీ రోడ్డు ఉంది. చీరల కొట్లు, బంగారం కొట్లు, మిఠాయి దుకాణాలు, ఇడ్లీ దొరికే హోటళ్లు వరసగా ఉంటాయి, కాలినడకన చూస్తూ పోవచ్చు. అంతకంటే ముఖ్యం రైలు. మెట్రోపార్క్ స్టేషన్లో ఎక్కితే గంట లోపు న్యూయార్క్ పెన్ స్టేషన్లో దిగుతారు. ముసలివాళ్లకి టికెట్‌లో తగ్గింపు ఉంది, 62 దాటినట్టు వయసు రుజువు చూపించాలి. పనిరోజున తొమ్మిదిన్నర దాటాక వెళ్లండి, ఆఫీసులకెళ్లేవాళ్ల తొక్కిసలాట ఉండదు.

పెన్ స్టేషన్ నుంచే లాంగ్ ఐలండ్ రైలు మారి, న్యూయార్క్‌లోనే క్వీన్స్ ప్రాంతంలో ఉన్న ఫ్లషింగ్ వెళ్లొచ్చు. అక్కడ బౌన్ స్ట్రీట్‌లో 1977లో ప్రతిష్ఠ జరిగిన వినాయకుడి గుడి ఉంది. దర్శనమయ్యాక మెట్లు దిగి కింది క్యాంటీన్‌కి వెళ్తే దోసె వస్తుంది. కాగితం ప్లేట్లు, పొడుగాటి బల్లలు. పక్కన కూర్చున్నది క్వీన్స్‌లో టాక్సీ నడిపే ఆయన కావచ్చు, గయానా నుంచి వచ్చి స్థిరపడ్డ ఆవిడ కావచ్చు. ఆవిడ ముత్తాతలు వందేళ్లకి పైగా కిందట చెరకు తోటల్లో కూలీకి ఓడెక్కినవాళ్లు. ఆవిడకి మన భాషలేవీ రావు, వినాయకుడి ముందు గుంజీలు మాత్రం తీస్తుంది. వీసా కాగితాల్లో "పర్యటన" అని రాసుకుంటాం కదా, నా లెక్కలో ఆ పర్యటన ఇదే. దీనికి కొడుకు సెలవు పెట్టనక్కర్లేదు.

అయితే "ఎడిసన్" అన్నంత మాత్రాన సరిపోదు. స్టేషన్‌కి నడకదూరం ఎంతో, దారిలో కాలిబాట ఉందో లేదో అడగండి. కొన్ని కాలనీల నుంచి స్టేషన్‌కి వెళ్లే రోడ్డుకి కాలిబాటే ఉండదు. పచ్చిక మీద నడుస్తుంటే పక్క నుంచి కార్లు దూసుకుపోతుంటాయి.

ఫ్రిస్కో దీనికి పూర్తిగా తిరగేసిన ఊరు. ఇల్లు రాజమహలు: మనకో గది, బాత్రూము, పైన సినిమా గది. గుమ్మం దాటితే ఆరు వరసల రోడ్డు, నీడనిచ్చే చెట్టు ఉండదు. జూలై, ఆగస్టుల్లో 38 డిగ్రీలు మామూలు. డాలస్‌లో డార్ట్ రైళ్లున్నాయి, కానీ ఫ్రిస్కో ఆ సంస్థలో చేరలేదు, కాబట్టి రైలు మాట మరిచిపోండి. ఫోన్‌లో ఊబర్ పెట్టించుకుని, ఒక్కరే ఎక్కి దిగడం పిల్లలున్నప్పుడే ఒకటి రెండు సార్లు అలవాటు చేసుకోవాలి. ఇంత చెప్పినా ఫ్రిస్కోకి ఒక గొప్ప గుణముంది. మనుషులు. సాయంత్రం ఏడు దాటాక కాలనీలో నడక దారి మీదకెళ్తే గుంటూరు, కరీంనగర్, తెనాలి, సూర్యాపేట అన్నీ అక్కడే ఉంటాయి. "ఏ ఊరండీ మీది?" దగ్గర మొదలైన మాట మర్నాడు కాఫీకి, వారానికి కార్యసిద్ధి హనుమాన్ గుడికి కలిసి వెళ్లడం దాకా వస్తుంది. చూడ్డానికి ఏమీ లేదనుకోకండి: 1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చింది డాలస్‌లోనే. తుపాకీ పేలిన ఆ ఆరో అంతస్తుని మ్యూజియం చేశారు. మన తరానికి అది రేడియోలో విన్న వార్త, లేదా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నది. ఆ కిటికీ పక్కన నిలబడి కింది రోడ్డుని చూడ్డం మనవడికి ఎలా ఉంటుందో గానీ మనకి మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

ఫ్రీమాంట్‌లో ఇల్లు చిన్నది, చాలాసార్లు అపార్ట్‌మెంటే. వాతావరణం ఏడాది పొడుగునా హాయి, స్వెట్టర్ ఒకటి చాలు. ఎలిజబెత్ చెరువు చుట్టూ నడిచేవాళ్లలో చీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న అమ్మమ్మలు ఎంతమందో. బార్ట్ రైలెక్కితే శాన్‌ఫ్రాన్సిస్కో గంట లోపే, 65 దాటినవాళ్లకిచ్చే క్లిప్పర్ అనే ప్రయాణ కార్డు తీసుకుంటే ఛార్జీ సగం కంటే తక్కువ. గోల్డెన్ గేట్ వంతెన అందరూ చూపిస్తారు. నేనైతే ఏంజెల్ ఐలండ్‌కి పడవెక్కమంటాను. 1910 నుంచి 1940 దాకా ఆసియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్లని ఆపి విచారించిన ఇమిగ్రేషన్ స్టేషన్ ఆ దీవిలో ఉంది. చైనావాళ్లు ఎక్కువ, మనవాళ్లు కూడా ఉన్నారు. చైనావాళ్లు చెక్క గోడల మీద చెక్కుకున్న పద్యాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1913లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు కోరిన గదర్ పార్టీ పుట్టింది ఈ తీరంలోనే. కనిగిరి ప్రాంతం నుంచి చదువుకోడానికి వచ్చిన దరిశి చెంచయ్య ఆ పార్టీలో చేరి, తర్వాత జైలు పాలయ్యాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గదర్ స్మారక భవనం ఉంది. వేళలు ముందే కనుక్కుని వెళ్లండి. హెచ్-1బీ మీద ఉన్న కొడుకుతో కలిసి ఈ రెండూ చూసొస్తే తిరుగుదారిలో కారులో మాట్లాడుకోడానికి చాలా ఉంటుంది.

కాబట్టి తిరగాలని ఉంటే ఎడిసన్, ఫ్రీమాంట్. మనుషులు కావాలనుకుంటే ఫ్రిస్కో. ఇంట్లో హాయిగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉంటే చాలనుకునేవాళ్లకి కూడా ఫ్రిస్కోయే, కాకపోతే మే నుంచి సెప్టెంబరు దాకా వద్దు. బోస్టన్, షికాగో, వాషింగ్టన్ శివార్లలో ఉన్నవాళ్లు ఇదే కొలతతో చూసుకోవచ్చు. పిల్లలు లండన్‌లో ఉంటే అసలు ఈ ప్రశ్నే రాదు, గుమ్మం దాటితే బస్సు. పైగా బ్రిటిష్ మ్యూజియంలో టికెట్ లేకుండా అమరావతి స్తూపం శిల్పాలు చూడొచ్చు, 33ఏ గది. మన కృష్ణ ఒడ్డున చెక్కిన రాళ్లని అద్దాల వెనక చూసి సంతోషించాలో కోప్పడాలో తెలియదు, ఆ సంగతి మీరే తేల్చుకోండి.

పిల్లల కారా, టూరు బస్సా, సొంతంగా రైలా

నయాగరాకి టూరు బస్సు నయం. ఎడిసన్ నుంచి దాదాపు 640 కిలోమీటర్లు, ఏడు గంటల దారి. కొడుకు శుక్రవారం ఆఫీసు ముగించుకుని రాత్రి నడిపి, ఆదివారం మళ్లీ నడిపి సోమవారం పనికి కూర్చోవడం కంటే, వెజిటేరియన్ భోజనం పెట్టే ఇండియన్ టూరువాళ్ల బస్సులో మీరు వెళ్లిరావడం అందరికీ సుఖం. జలపాతం కిందికి తీసుకెళ్లే పడవ చలికాలంలో ఉండదు, అది చూసుకోండి. అవతలి ఒడ్డు కెనడా. అమెరికా వీసా ఉందని వంతెన దాటనివ్వరు, కెనడా వీసా వేరే కావాలి.

వాషింగ్టన్‌కి మాత్రం టూరు బస్సు వద్దే వద్దు. వాళ్లు వైట్‌హౌస్ గేటు ముందు పదిహేను నిమిషాలు, లింకన్ స్మారకం దగ్గర అరగంట ఆపి మళ్లీ ఎక్కిస్తారు. ఆ ఊళ్లో స్మిత్సోనియన్ మ్యూజియాలన్నిటికీ ప్రవేశం ఉచితం. ఒకటి రెండిటికి ముందుగా ఆన్‌లైన్‌లో సమయం పట్టుకోవాలి, అంతే. మెట్రోపార్క్‌లో ఆమ్‌ట్రాక్ అనే దూరపు రైలు ఎక్కితే సుమారు మూడు గంటలు, 65 దాటితే పది శాతం తగ్గింపు. మెట్రో రైలు పక్కన గది తీసుకుని మూడు రోజులుండండి.

పుస్తకాలు చదివే అలవాటుంటే అందులో ఒక పూట లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇవ్వండి. అందరూ పైనుంచి గుండ్రటి హాలు చూసి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు పాస్‌పోర్టు చూపించి రీడర్ కార్డు చేయించుకోండి, పైసా ఖర్చు లేదు. అక్కడికక్కడే ఫొటో తీసి చేతిలో పెడతారు. 1960ల నుంచి వాళ్ల ఢిల్లీ ఆఫీసు తెలుగు పుస్తకాలు కొని పంపుతూనే ఉంది. కేటలాగ్‌లో వెతికి అడిగితే ఆసియా విభాగం గదిలో బల్ల దగ్గరికి తెచ్చిస్తారు. మన ఊళ్లో ఏ గ్రంథాలయంలోనూ దొరకని పాత పుస్తకం, చెదలు పట్టకుండా, గట్టి అట్టతో అక్కడ కనపడొచ్చు.

గ్రాండ్ కాన్యన్, యెల్లోస్టోన్ లాంటివి పిల్లల కారులోనే చూడాలి. వాళ్ల నాలుగైదు సెలవు రోజుల్నీ వీటికే దాచమనండి, నయాగరాకి ఖర్చు పెట్టనివ్వకండి. ఖర్చు మాత్రం ముందే లెక్క వేసుకోవాలి. 2026 నుంచి ఇలాంటి పెద్ద పార్కుల్లో విదేశీ సందర్శకులకి మనిషికి 100 డాలర్లు అదనం. పెద్దవాళ్లకిచ్చే చవక పాస్ అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే.

మిగతా రోజులు

ఊరేదైనా, మామూలు రోజులకి ముందు పట్టుకోవాల్సింది పబ్లిక్ లైబ్రరీ. గుడికంటే ముందు. గుళ్లో మనవాళ్లు కనపడతారు, లైబ్రరీలో ఆ ఊరు కనపడుతుంది. లోపలికెళ్లి కూర్చోడానికి కార్డు అక్కర్లేదు. చాలా లైబ్రరీల్లో వారానికోసారి ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్చుకునేవాళ్ల కోసం ఉచితంగా గుండ్రంగా కూర్చునే క్లాసు ఉంటుంది. కొరియా బామ్మ, కొలంబియా తాత, మీరు. ముగ్గురికీ ఇంగ్లీషు అంతంత మాత్రమే కాబట్టి సిగ్గుండదు. ముగ్గురిదీ ఒకటే కథని పది నిమిషాల్లో తెలిసిపోతుంది: మనవలకి మన భాష రాదు. మీ అమ్మాయి కార్డు మీద మ్యూజియం పాసులు అరువిచ్చే లైబ్రరీలు కూడా ఉన్నాయి, అడగండి.

గుడి వంటశాలలో శనివారం కూరలు తరగడానికి చేతులు ఎప్పుడూ కావాలి. సరదాగా వెళ్లండి, డబ్బు మాత్రం తీసుకోకూడదు, సందర్శక వీసా మీద పని చేయకూడదు. సిలికానాంధ్ర మనబడి లాంటి తెలుగు తరగతులు బడి మొదలైనప్పుడే మొదలవుతాయి. మనవడు చేరి ఉంటే వాడి హోంవర్క్ మీ చేతికి రానివ్వండి. "ఱ" ఎక్కడ రాయాలో వాడికి చెప్పబోయి మీరే ఆగిపోతారు, అదో ఆట.

ఇన్సూరెన్స్, సామాను

ఇన్సూరెన్స్‌లో చవకగా కనిపించేవి డాక్టరుకి ఇంత, రోజుకి ఇంత అని కట్టేసినంతే ఇచ్చేవి. అక్కడ ఎమర్జెన్సీ గదిలో ఒక పూట బిల్లు ముందు అవి ఏ మూలకీ రావు. డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి కట్టుకునే మొత్తం, ఎక్కువ పెట్టుకుని అయినా సమగ్ర పాలసీయే తీసుకోండి. పాత జబ్బులకి పూర్తిగా ఏదీ ఇవ్వదు, ఉన్నట్టుండి ముదిరితే వర్తిస్తుందో లేదో ఆ ఒక్క పేరా మాత్రం చదవండి.

కరివేపాకు పచ్చిది తీసుకెళ్లకూడదు, నిమ్మజాతి చెట్లకి తెగులు తెస్తుందని ఆపేస్తారు. మాంసం పచ్చళ్లూ అంతే. ఉన్నవేవో కస్టమ్స్ కౌంటర్లో నిజం చెప్పేస్తే మహా అయితే చెత్తబుట్టలో వేస్తారు, దాచితే జరిమానా. ఇండియా సిమ్ కార్డుకి రోమింగ్ వేయించడం మరిచిపోవద్దు, బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

ఇద్దరిలో ఒకరికే తిరగాలని ఉంటే

చాలా ఇళ్లలో ఇదే అసలు తగువు. ఆయన టీవీ ముందు తెలుగు ఛానల్ పెట్టుకుని కూర్చుంటారు, ఆవిడకి రైలెక్కాలని ఉంటుంది. లేదా ఆయన రోజూ మ్యాప్ తీస్తారు, ఆవిడ మనవరాలిని వదిలి కదలరు. ఇద్దరూ కలిసే వెళ్లాలనుకుంటే ఇద్దరూ ఇంట్లోనే ఉండిపోతారు. విడిగా వెళ్లడం మన అలవాటు కాకపోయినా, అమెరికాలో అది చెయ్యగలిగిన పని. రైలు ఊళ్లో ఉన్న ఇల్లయితే తిరగాలనుకునేవాళ్లు ఒక్కరే వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మొదటిసారి అమ్మాయిని తోడు తీసుకెళ్లండి, రెండోసారి ఆమె ఫోన్‌లో మీ లొకేషన్ చూస్తూ ఉంటుంది, మూడోసారి నుంచి చూడ్డం కూడా మానేస్తుంది. ఎవరిదీ కారు ఎక్కకుండా వెళ్లలేని ఇల్లయితే, ఇంట్లో ఉండాలనుకునేవారు అక్కడే ఉండగా రెండోవారు పదిహేను రోజులకి ఇంకో బిడ్డ దగ్గరికో, చెల్లెలి కూతురి దగ్గరికో విడిగా వెళ్లి రావచ్చు. లోపలి విమానాల్లో పెద్ద సూట్‌కేసుకి చాలాచోట్ల విడిగా డబ్బు కట్టాలి, కాబట్టి చేతి సంచితో వెళ్లండి. వీల్‌చైర్ మాత్రం ఉచితం, టికెట్ కొన్నప్పుడే అడిగి పెట్టించుకోండి.